బడి, వైద్యశాల, వృద్ధాశ్రమము

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అను సామెతను మన పెద్దలు ఊరక పుట్టింపలేదు. సొంత యిల్లు కట్టుకొనువాడు పడు పాట్లు అందరకును తెలిసినవే. అయితే అతనికి ఒక సౌలభ్యము కలదు. మెట్టు ఎత్తైనచో తన కాలికే తగులును; కప్పు కారినచో తన మంచమే తడియును; మరుసటి యేడు తానే సరిచేయించుకొనును. బడి, వైద్యశాల, వృద్ధాశ్రమము — ఈ మూడింటి సంగతి వేరు. కట్టించువారు ఒకరు, కట్టువారు మరియొకరు, అందు కాలము గడుపువారు వేరొకరు. ఆ గడుపువారిలో ఒకరు ఏడేండ్ల పిల్లవాడు, ఒకరు మంచము పట్టిన రోగి, ఒకరు కఱ్ఱ ఊతముతో నడచు ముసలమ్మ. నిప్పంటుకొన్నను, నీరు చొచ్చినను ఈ ముగ్గురును తమంతట తాము బయటపడజాలరు. మూడు కట్టడములను మేము ఒకచోట చేర్చి మాటాడుటకు కారణమిదియే.

2022 ఏప్రిల్ 4వ తేదీన రాష్ట్రమునందలి 13 జిల్లాలు 26 అయినపుడు అనకాపల్లి జిల్లా కేంద్రమైనది. అంతవరకు బెల్లపు మార్కెట్టునకు పేరుపడిన ఈ పట్టణమునకు, పెద్ద రోగము వచ్చినచో 1923లో వెలసిన విశాఖపట్టణము కింగు జార్జి ఆసుపత్రియే దిక్కు అనుకొనుట అలవాటు. జిల్లా యేర్పడుటతో కట్టవలసిన కట్టడముల పట్టిక పెరిగినది. అయితే ఈ జిల్లా నేల అంతయు ఒక తీరున లేదు. సముద్రపు వైపున అచ్యుతాపురము, రాంబిల్లి, ఎస్. రాయవరము, నక్కపల్లి, పాయకరావుపేట మండలములు. నడుమ శారదానది తడుపు చెఱకు పొలములు. లోతట్టున మాడుగుల, రావికమతము, రోలుగుంట, గొలుగొండ వైపు కొండవాలు పల్లెలు. రాజధాని కార్యాలయమున గీసిన ఒకే నమూనా ఈ మూడు చోట్లకును సరిపోవుననుట కష్టము.

ముందు గాలి మాట. 2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరము దాటినపుడు గాలి వేగము గంటకు సుమారు 180 కిలోమీటర్లని లెక్కకట్టిరి. కట్టడములపై గాలి తాకిడిని నిర్ణయించు భారతీయ ప్రమాణ గ్రంథమున విశాఖపట్టణమునకు వ్రాసియున్న మూలవేగమును సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్లే. 2015లో ఆ గ్రంథమును సవరించినపుడు మరియొక నియమము చేర్చిరి. తూర్పు తీరమున 60 కిలోమీటర్ల లోపల, తుఫాను వెళ్లిన పిదప జనులకు అక్కరకు రావలసిన వైద్యశాలలు, పాఠశాలలు, తుఫాను ఆశ్రయములు మొదలగువానికి ఆ వేగమును 1.3 రెట్లుగా గణింపవలెను. వేగము 1.3 రెట్లయినచో తాకిడి అంతే పెరుగునని తలపరాదు. తాకిడి వేగము యొక్క వర్గమును అనుసరించును గనుక అది 1.69 రెట్లగును. వృద్ధాశ్రమమును కూడ ఈ కోవలోనే లెక్కింపవలెనని మా అభిప్రాయము.

గాలి కప్పును క్రిందికి అదుమునని పలువురు తలంతురు. నిజమునకు కప్పు మీదుగా వడిగా పోవు గాలి దానిని పైకి పీల్చును. తెఱచిన కిటికీ గుండ చొచ్చిన గాలి అడుగునుండి నెట్టును. రెండును కలసినపుడు రేకు లేచిపోవును. అంచులయందును మూలలయందును ఈ లాగుడు మిక్కిలి యెక్కువ. అచ్చట బోల్టులు దగ్గర దగ్గరగా బిగింపవలెను. బడి వంటసాలకును, ఆసుపత్రి సైకిళ్ల షెడ్డునకును రేకులు వేయునపుడు ఈ సంగతి ఎవరును పట్టించుకొనరు. అసలు కట్టడము నిలిచియుండగా ఆ షెడ్డు రేకే ఎగిరివచ్చి మనిషిని కొట్టును.

తీరమున రెండవ శత్రువు ఉప్పు. కాంక్రీటులోని యినుప చువ్వకు ఉప్పుగాలియు తేమయు తగిలినచో త్రుప్పు పట్టును. త్రుప్పు పట్టిన యినుము ఉబ్బి, పై కాంక్రీటును పగులగొట్టి పెచ్చులుగా రాల్చును. సముద్రపు గాలికి ఎదురుగా నుండు కట్టడమున చువ్వపై 45 మిల్లీమీటర్ల కాంక్రీటు పొర యుండవలెనని ప్రమాణము. లోతట్టున నీడపట్టున నుండుదానికి 20 మిల్లీమీటర్లు చాలును. సెంట్రింగు మేస్త్రీకి ఈ తేడా చెప్పువారు లేనిచో అతడు అలవాటు ప్రకారము ఒకే మందపు దిమ్మలు చువ్వక్రింద పెట్టును. స్లాబు పోసిన తరువాత కనీసము 7 దినములు, ఎండలు కాయునపుడు 10 దినములు తడిపి యుంచవలెనను నియమమును ఇట్టిదే. తడుపుటకు నీరు లేని ఊరిలో వేసవియందు స్లాబు పోయుట కంటె రెండు నెలలు ఆగుట మేలు.

1977 నవంబరు 19వ తేదీనాటి దివిసీమ ఉప్పెన తరువాత మన తీరము వెంబడి తుఫాను ఆశ్రయములు కట్టిరి. స్తంభములపై నిలబెట్టి, నీరు క్రిందుగా పోవునట్లు కట్టుట వాని పద్ధతి. వానిలో కొన్నింటిని మామూలు దినములలో బడిగా వాడుకొనిరి. వాడుకలో నున్నదానికి తాళపుచెవి యెవరి వద్ద నున్నదో ఊరంతయు ఎఱుగును. మూసియుంచినదానిలో గబ్బిలములు చేరును. బడిని ఆశ్రయముగా కూడ పనికివచ్చునట్లు కట్టుటలో ఉన్న లాభమిది. అయితే ఒక చిక్కు కలదు. నీటికి భయపడి అంతస్తు ఎత్తినచో ముసలివారు ఎక్కవలసిన మెట్లు పెరుగును. ఏటవాలు దారికి తగిన కొలత, ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు. అరుగు రెండున్నర అడుగుల ఎత్తున్నచో 30 అడుగుల దారి కావలెను. స్థలము చాలలేదని దానిని పండ్రెండు అడుగులకు కుదించి, పైన నున్నని టైల్సు పరచిన దారులను మనము చూచుచునే యున్నాము. వానిమీద చక్రాల కుర్చీని ఎక్కించుటయు కష్టమే, దించుట మఱింత భయము.

కొండవాలు పల్లెలకు గాలికంటె దూరము పెద్ద కష్టము. వైద్య ఉపకేంద్రము మైదానమున 5,000 మందికి ఒకటి, కొండ ప్రాంతమునను గిరిజన ప్రాంతమునను 3,000 మందికి ఒకటి యుండవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రము వరుసగా 30,000కును 20,000కును. బడి మాటకు వచ్చినచో, 2010 ఏప్రిల్ 1 నుండి అమలైన విద్యాహక్కు చట్టము క్రింది నియమములు అయిదవ తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిదవ తరగతి వరకు మూడు కిలోమీటర్ల లోపల బడి కోరుచున్నవి. కాగితముపై కిలోమీటరు తిన్నని గీత. రోలుగుంట, దేవరాపల్లి మండలముల కొండ గూడెముల నుండి గర్భిణిని డోలీలో మోసితెచ్చువారికి ఆ గీత పనికిరాదు. ఇట్టి చోట్ల పెద్ద భవనమొకటి కట్టుటకంటె, ఇద్దరు నర్సులు రాత్రి నిలువ వీలగు రెండు గదుల క్వార్టరు ముందు కట్టుట మంచిది. నర్సు ఉండని ఉపకేంద్రమునకు ఎంత చక్కని గోడలున్నను ప్రసవము దారిలోనే జరుగును.

ఇక నిప్పు. 2004 జులై 16న తమిళనాడు కుంభకోణమున బడి వంటసాల నుండి ఆకుల కప్పునకు నిప్పంటుకొని 94 మంది పిల్లలు చనిపోయిరి. 2020 ఆగస్టు 9న విజయవాడలో, కోవిడు రోగుల కొరకు వాడుచున్న ఒక హోటలులో అగ్ని ప్రమాదమున 10 మంది మరణించిరి. ఒక పనికి కట్టినదానిని మరియొక పనికి వాడునపుడు దారులు, తలుపులు, విద్యుత్తు తీగలు తిరిగి లెక్కింపవలసియుండును. మన చిన్న పట్టణములలో వృద్ధాశ్రమమనగా తఱచు అద్దెకు తీసికొన్న రెండంతస్తుల ఇల్లే. దానికి మెట్లు ఒకటే, వాకిలి ఒకటే, కిటికీలకు దొంగల భయముచే వేసిన ఇనుప ఊచలు. కొత్తగా కట్టునపుడైనను ప్రతి పెద్ద గదికి రెండు వాకిళ్లు, బయటికి తెఱచుకొను తలుపులు ఉంచవలెను. స్నానపు గది తలుపు సైతము బయటికే తెఱచుకొనవలెను. లోపల జారిపడిన ముసలివాడు తలుపునకు అడ్డముగా పడినచో, లోనికి తెఱచుకొను తలుపును ఎవరును తీయలేరు.

వృద్ధుల కట్టడమునకు చట్టమున ఒక చోటు కలదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 19వ విభాగము, దశలవారీగా, తొలుత జిల్లాకు కనీసము ఒకటి చొప్పున, దిక్కులేని 150 మందికి తగ్గకుండ వసతి కల్పించు వృద్ధాశ్రమములను గుఱించి చెప్పుచున్నది. చెప్పుచున్నదే గాని శాసించుట లేదు. ‘స్థాపింపవలెను’ అనక ‘స్థాపింపవచ్చును’ అన్నది. ఆ ఒక్క క్రియాపదములో ఎన్ని జిల్లాల ముసలివారు నిలిచిపోయిరో!

ఆ 150 మందిని జిల్లా కేంద్రమున ఒకే భవనమున చేర్చుట లెక్కకు బాగుండును. మనిషికి బాగుండదని మేము తలంతుము. నాతవరమునందో చీడికాడయందో పుట్టి పెరిగిన ముసలమ్మకు తన ఊరి సంత, తన గుడి గంట, పలుకరించు పొరుగువారు దూరమైనచో ఆమెకు మిగిలినది మంచము మాత్రమే. 15 మందికో 20 మందికో సరిపోవు చిన్న గృహములు, ఆరోగ్య కేంద్రమునకును బడికిని నడకదూరమున ఉన్నచో ఒకే నర్సు రెండుచోట్ల చూడగలదు, బడి వంటసాల ముసలివారికి కూడ వండగలదు, సాయంకాలము పిల్లలు వచ్చి పోగలరు. నేలమట్టమున, నడుమ ముంగిలి, చుట్టును గదులు, గదుల ముందు వసారా. ఈ తీరు మనకు కొత్తది కాదు. అనకాపల్లి చెంతనున్న శంకరము బొజ్జన్నకొండ మీద బౌద్ధ భిక్షువులు వరుసగా ఇటుక గదులు కట్టుకొని నివసించిరి. ఆ ఊరి పేరే సంఘారామము నుండి వచ్చినదందురు.

డబ్బు సంగతి రెండు మాటలలో ముగింతుము. ఈ పట్టణపు వర్తక సంఘము పేరు పెట్టుకొన్న కళాశాల నేటికిని నడచుచున్నది. బెల్లపు వర్తకులు చదువునకు చేయూతనిచ్చిన ఊరు ముసలివారికి ఈయజాలదా? ప్రభుత్వ ధనముతో కట్టునపుడు లెక్క చూచువారు స్థానికులై యుండుట మేలు. 2019 నవంబరు 14న ఆరంభమైన ‘నాడు–నేడు’ మొదటి విడతలో 15,715 బడుల పనులను తల్లిదండ్రుల కమిటీల చేతికి ఇచ్చిరి. తన బిడ్డ కూర్చుండు గదికి ఎన్ని బస్తాల సిమెంటు వచ్చినదో తల్లి లెక్కించును. ధనము నడుమ ఆగిపోవుట మాత్రము కమిటీ చేతిలో లేదు. అట్లు ఆగిన కట్టడమున పైకి నిలిచిన చువ్వలకు పలుచగా సిమెంటు పాలు పూసి ఉంచినచో మరల పని సాగునపుడు కొంతవఱకు పనికివచ్చును. వానకు విడిచినవి త్రుప్పు లోతుగా తిన్న పిదప కోసివేయవలసినవే.

స్థలమును ఎంచుటకు కమిటీలు సాధారణముగా వేసవిలో పోవుదురు. అప్పుడు చెఱువు గర్భమును మెఱకవలె కనబడును. ఆశ్వయుజ కార్తికములలో, రెండు దినములు ముసురు పట్టిన మరునాడు పోయి, నీరెచ్చట నిలిచినదో, ఆటో ఎంతవరకు వచ్చునో, ఊరివారు ఏ గట్టు మీదుగా నడచుచున్నారో చూడవలెను. ఊరిలో అందరికంటె ముసలివారిని కూడ వెంట తీసికొనిపోయినచో, ఆ చోట ఎప్పుడెప్పుడు నీరు వచ్చినదో వారే చెప్పుదురు.