శాసనశిలయు సందర్శకుని సెల్‌ఫోనును

జోగులాంబ గద్వాల జిల్లాలోని అలంపురమున, తుంగభద్ర యొడ్డున, బాదామి చాళుక్యులనాఁటి నవబ్రహ్మాలయములును, వాని చెంతనే శిల్పములను శాసనములను భద్రపఱచిన ప్రదర్శనశాలయుఁ గలవు. నేఁడచ్చటికి వచ్చువారిలో సెల్‌ఫోను లేనివారరుదు. ఆ పరికరము శాసనపఠనమునకెంతవఱకు తోడ్పడునో, ఎచ్చట మోసపుచ్చునో విచారింపఁదగును.

శిలకెదురుగ నిలిచి ఫోనులోని మెఱుపుదీపముతో ఛాయాచిత్రము తీసినచో, వెలుతురు అక్షరముల లోఁతునఁ గూడ నిండి ఱాయియంతయు నొక్క వన్నెగా నగపడును. దీపమును వేఱొకరి చేతికిచ్చి ప్రక్కనుండి, శిలాముఖమునకించుమించు సమాంతరముగఁ బ్రసరింపఁజేసినచో గాఁట్లలో నీడలు పడి, అరిగిన తలకట్లును వట్రుసుడులును బయటఁబడును. ఒక్క దిక్కు వెలుతురు చాలదు. ఆ దిక్కుననే సాగిన గీఁతలకు నీడ పడదు గదా! కావున దీపమును నాలుగువైపులకు మార్చి చిత్రములు తీసి పోల్చుకొనవలెను. తడికాగితమును మోది సిరాయద్ది తీయు అచ్చునకిది సాటిగాదు. అచ్చు అక్షరముల పరిమాణమును ఉన్నదున్నట్లు చూపును. అయినను శిలను తాఁకకయే తీయఁగలుగుట ఫోనునకుఁ గల గుణము.

అక్షరములను గుర్తించు యంత్రసాధనములు నేఁటి యచ్చుతెలుఁగును బాగుగనే చదువును. అలంపురమునందలి విజయాదిత్యుని ప్రశస్తి, 713 నాఁటిది, సిద్ధమాతృకాలిపిలో నున్నది. అట్టిదానిని వానికిఁ జూపి పాఠమడుగుట వ్యర్థము. అవి మిన్నకున్న మేలే. ఏదో యూహించి పలికినచో నదియే పాఠముగా వ్యాపించును.

ఇంతకంటె గూఢమైనది స్థలనిర్దేశము. ఫోను ప్రతిచిత్రమునకును అక్షాంశరేఖాంశములను చేర్పఁగలదు. అవి ఱాయి యిప్పుడున్న తావువే గాని తొలుత నిలిచిన తావువి కావు. కృష్ణాతుంగభద్రా సంగమమునందలి కూడవెల్లి సంగమేశ్వరాలయమును, శ్రీశైల జలాశయమున మునుఁగునని, 1980 ప్రాంతమున విప్పి అలంపురమునఁ దిరిగి కట్టిరి. నాగర్‌కర్నూలు జిల్లాలోని సోమశిల, జటప్రోలు ఆలయములును ఆ జలాశయము మూలముననే తరలినవి. కూడవెల్లి ఱాతిని చిత్రించిన ఫోను “అలంపురము” అనియే గుర్తించును. చిత్రము పదిచేతులు మాఱిన పిదప సత్యము చెప్పువారుండరు. దానశాసనమైనచో, అందుఁ బేర్కొన్న పొలిమేరలను, చెఱువులను పరిశోధకుఁడు తప్పుచోట వెదకవలసివచ్చును. వనపర్తి, కొల్లాపురము ప్రాంతముల గ్రామచరిత్రమునకిది చిన్న నష్టముగాదు.

కావున విద్యార్థులను వెంటఁబెట్టుకొని పోవు పండితులు, ప్రదర్శనశాలవారి యనుమతి గైకొని, శిలకంటె ముందు దాని ప్రక్కనున్న వివరఫలకమును చిత్రింపఁజేయుట యుచితము. ఫలకమున దొరికిన యూరు లేనిచో, అచ్చటివారినడిగి వ్రాయింపవలెను. చిత్రమున నొక కొలబద్ద యుండవలెను. శిలకెన్ని ముఖములున్నవో, ఇది యెన్నవదో, చిత్రము పేరుననే చేర్పవలెను.