పరుగుకు గుండె ముందు, ఎముక వెనుక

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో, నారాయణ్‌పూర్ పట్టణం నుంచి బాసింగ్ వరకు 2025 మార్చిలో అబూజ్‌మడ్ పీస్ హాఫ్ మారథాన్ జరిగింది. దూరం 21 కిలోమీటర్లు. ఇలాంటి పరుగుకు తొలిసారి పేరు నమోదు చేసుకునేవారు ఎన్ని వారాల ముందు సాధన మొదలుపెట్టాలి? శరీరంలోని భాగాలన్నీ ఒకే వేగంతో సిద్ధం కావు కాబట్టి, ఈ ప్రశ్నకు జవాబు అన్నిటికంటే నెమ్మదిగా మారే భాగాన్ని బట్టి ఉంటుంది.

ముందుగా స్పందించేది రక్తం. సాధన మొదలైన ఒకటి రెండు వారాల్లోనే అందులోని ప్లాస్మా పరిమాణం పెరుగుతుంది. గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. మరికొన్ని వారాలకు కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఆయాసం తగ్గుతుంది, ఉత్సాహం పెరుగుతుంది.

చిక్కు ఇక్కడే వస్తుంది. కొత్త బరువు పడినప్పుడు ఎముక ముందు తనలోని పాత భాగాన్ని కరిగించుకుని, తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఈ మరమ్మతుకు మూడు నాలుగు నెలలు పడుతుంది. మధ్యలో కొంతకాలం ఆ చోటు బలహీనంగా ఉంటుంది. పరుగులో ప్రతి అడుగుకూ శరీర బరువుకు రెండు మూడు రెట్ల తాకిడి పడుతుంది. 21 కిలోమీటర్లకు సుమారు 20,000 అడుగులు పడతాయి. తొందరపడితే మోకాలి కింది ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ రావచ్చు. రోజూ మైళ్ల కొద్దీ నడిచేవారికి గుండె దిటవుగా ఉన్నా, నడకలో తాకిడి తక్కువ కాబట్టి వారి ఎముకలకూ ఈ గడువు అవసరమే.

అందుకే వారానికి మూడు నాలుగు రోజులు, మాట్లాడుతూ పరిగెత్తగలిగే వేగంతో మొదలుపెట్టాలి. దూరాన్ని కొద్దికొద్దిగా పెంచాలి. మూడు నాలుగు వారాలకోసారి తగ్గించాలి. పోటీకి ముందు పది రోజులు కాళ్లకు విశ్రాంతి పెంచాలి.

తిండి విషయంలో ఖరీదైన పొడులేవీ అక్కర్లేదు. 60 కిలోల మనిషి 21 కిలోమీటర్లు పరిగెత్తడానికి సుమారు 1,260 కిలోకేలరీలు ఖర్చవుతాయి. కండరాలు, కాలేయంలో నిల్వ ఉండే గ్లైకోజెన్ ఒక్కటే 1,600 నుంచి 2,000 కిలోకేలరీలు ఇవ్వగలదు. ముందురోజు అన్నం, పొద్దున అలవాటైన తేలికపాటి ఆహారం చాలు. బస్తర్‌లో తాగే రాగి అంబలి, అంటే మడియా పేజ్, కాస్త ఉప్పు వేస్తే పిండిపదార్థాన్నీ నీటినీ లవణాన్నీ కలిపి ఇస్తుంది.

మార్చి ఎండ మరో పరీక్ష. కండరాలు వాడే శక్తిలో సుమారు మూడొంతులు వేడిగానే మారుతుంది. ఎండకు అలవాటుపడటానికి శరీరానికి 10 నుంచి 14 రోజులు కావాలి. దాహం వేసినప్పుడు తాగాలి. అతిగా తాగితే రక్తంలో సోడియం పడిపోతుంది. పరుగులో ఎవరైనా తూలినా, తడబడుతూ మాట్లాడినా వెంటనే నీడకు చేర్చి, ఒంటిపై చల్లని నీళ్లు పోస్తూ వైద్య సహాయం పిలవాలి.

పేరు నమోదుకు ముందు పోటీ తేదీ నుంచి నాలుగు నెలలు వెనక్కి లెక్కించి చూడాలి. అంత గడువు లేకపోతే ఈసారికి తక్కువ దూరం ఎంచుకోవడం మేలు.