అరిటాకుల వేషం, ఆదివారం ఆరాధన: బహావు ప్రజల కథ

ముందు ఒక వీడియో సంగతి చెప్తాను. ఒకరోజు ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే కనబడింది. తల నుంచి పాదాల దాకా చీల్చిన అరిటాకులు కట్టుకున్న మనుషులు. ముఖానికి చెక్క ముసుగు, గుడ్లురిమే కళ్లు, బయటికొచ్చిన కోరలు, నెత్తిన ఈకలు. వెనక కంచు వాద్యం మోగుతుంటే వరసగా కాలు నేలకేసి కొడుతున్నారు. ఏదో దయ్యాల పూజ అనుకుని పైకి తోసేశాను. తర్వాత తెలిసింది, ఆ ఊళ్లలో ఎక్కువమంది క్రైస్తవులేనని. అప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ చూశాను.

వాళ్లే బహావు ప్రజలు. బోర్నియో దీవిలో ఇండోనేషియాకి చెందిన భాగాన్ని కాలిమంతాన్ అంటారు. అక్కడి మూలవాసుల్ని కలిపి దయాక్‌లు అంటారు. ఆ దయాక్‌లలో ఒక తెగ బహావు. తూర్పు కాలిమంతాన్‌లో మహాకం నది ఎగువన ఉంటారు. ఆ నది పొడవు 900 కిలోమీటర్లకు పైనే. అన్నట్టు, ఇదే నది దిగువన ముఆరా కామన్ దగ్గర మూలవర్మ అనే రాజు వేయించిన ఏడు రాతి యూప స్తంభాలు దొరికాయి. సుమారు 1600 ఏళ్ల నాటివి. సంస్కృత శాసనాలు, పల్లవ లిపి! మన దక్షిణాది అక్షరం అంత దూరం ఎప్పుడో వెళ్లింది. నది పైకొస అడవుల్లో మాత్రం కథ వేరు.

అక్కడ నదే రోడ్డు. సమరిందా నగరం నుంచి పడవ ఎక్కి, మధ్యలో మారుతూ లాంగ్ బాగున్ దాకా పోవాలి. ఆపైన రాళ్ల మధ్య సుడులు తిరిగే నీళ్లు. సన్నని పొడుగు పడవలు తప్ప పోలేవు. ఎండాకాలం నీళ్లు తగ్గితే పడవలు ఆగిపోతాయి, వరదొస్తే మళ్లీ ఆగిపోతాయి. బియ్యం, పెట్రోలు, సిమెంటు, ఏదైనా పైకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది. పూర్వం ఊరంతా ఒకే పొడుగాటి ఇంట్లో ఉండేది. దాన్ని లామిన్ అంటారు. గట్టి కర్ర స్తంభాల మీద ఇల్లు, లోపల కుటుంబానికో గది, ముందు అందరికీ కలిపి ఒకటే వసారా. ఇప్పుడు ఎక్కువగా ఎవరి ఇల్లు వారిదే. బరువైన రింగులతో చెవులు భుజాల దాకా సాగదీసుకునే అలవాటు కూడా ముసలమ్మల తరంతో పోతోంది.

కానీ వరి పోలేదు. అడవిలో కొంత చోటు నరికి, కాల్చి, ఆ బూడిద నేలలో విత్తుతారు. నాగలి లేదు. మగవాళ్లు మొన తీసిన కర్రలతో గుంటలు పొడుచుకుంటూ ముందు నడుస్తారు, వెనకే ఆడవాళ్లు గింజలు వేస్తారు. ఇవాళ మీ చేను, రేపు మా చేను, అందరూ కలిసి. విత్తడం అయ్యాక అసలు భయం మొదలవుతుంది. ఎలుకలు, అడవిపందులు, కోతులు, పురుగులు. పంట పోతే ఏడాది తిండి పోయినట్టే. నేను దయ్యాల పూజ అనుకున్న ఆట పేరు హుదోక్. అది ఈ భయంలోంచే పుట్టింది. ముసుగుల్లో పంట పాడుచేసే జంతువుల రూపాలుంటాయి, కాపాడే ఆత్మల రూపాలూ ఉంటాయి. చీడని తరిమి పైరుకి బలం ఇవ్వమని అడగడమే దాని ఉద్దేశం.

ఇక సువార్త. 1907లో కపుచిన్ సభకు చెందిన కాథలిక్ మిషనరీలు మహాకం ఒడ్డున లాహమ్ అనే ఊళ్లో పని మొదలుపెట్టారు. 1926 నుంచి పవిత్ర కుటుంబ సభవాళ్లు కొనసాగించారు. ఈరోజు బహావుల్లో ఎక్కువమంది కాథలిక్కులు. ఇందులో నేను దాచకూడనిది ఒకటుంది. 1965 తర్వాత ఇండోనేషియాలో ప్రభుత్వం గుర్తించిన మతం ఏదో ఒకటి చెప్పుకోవాలనే ఒత్తిడి గట్టిగా ఉండేది. గుర్తింపు కార్డులో మతం గడి ఉంటుంది. పూర్వీకుల విశ్వాసం పేరు అందులో రాసుకునే హక్కు 2017లో రాజ్యాంగ న్యాయస్థానం తీర్పుతో గానీ రాలేదు. అంటే మనసు మారి వచ్చినవాళ్లున్నారు, కార్డు కోసం వచ్చినవాళ్లూ ఉండే ఉంటారు. ఎవరు ఏది అని తేల్చడం మన పని కాదు.

మరి బాప్తిస్మం తీసుకున్నవాడు హుదోక్ ఆడొచ్చా? "పాత ఆత్మల్ని పిలవడమే కదా" అంటే దానికో బలం ఉంది. నిజంగానే ఆ ఆట పుట్టింది అందుకే. "ఇది మా తాతల ఆట, ఇప్పుడు ప్రార్థన దేవుడికే" అన్నా దానికీ బలం ఉంది. 1962–65 వాటికన్ మహాసభ తర్వాత కాథలిక్ సంఘం స్థానిక భాషకీ ఆచారాలకీ ఆరాధనలో చోటిచ్చింది కూడా. నా మట్టుకు నేను రెండోవాళ్ల వైపే. మన దగ్గర పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే తెలుగు రాగాల్లో కీర్తనలు రాశారు, వాటిని మనం పరాయివి అనుకోం. కోత పండుగకి గుడికి వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజు పట్టుకెళ్లే ఊళ్లు మనకీ ఉన్నాయి. విత్తనం వేసినవాడి భయం దేవుడి ముందుకి ఏ వేషంలో వస్తే ఏం?

అయితే ఒక్క మాట. అడవి తగ్గి చేనే లేకపోతే హుదోక్ వేదిక మీద, టూరిస్టుల ముందు మాత్రమే మిగులుతుంది. బొగ్గు గనులూ పామాయిల్ తోటలూ తూర్పు కాలిమంతాన్‌లో ఇప్పటికే చాలా అడవిని తినేశాయి. అక్కడి సంఘం కోసం ప్రార్థన చేసేవాళ్లు ఆ చేల కోసం కూడా చేయండి.

హుదోక్ వీడియోలు ఫోన్‌లో తేలిగ్గానే దొరుకుతాయి. ఈసారి ముసుగుల్ని కాదు, పాదాల్ని చూడండి, నేలని ఎలా తొక్కుతున్నారో.