రంపపు బల్ల యందు హస్త రక్షణ

వడ్రంగపు పనిముట్లలో రంపము మిక్కిలి ప్రాచీనమైనది. చేతిరంపముతో కోయునపుడు కొయ్య కదలక యుండును. రంపము పనివాని చేతి వశమున నడచును. చేయి ఆగినచో రంపమును ఆగును. విద్యుచ్ఛక్తితో నడచు రంపపు బల్ల యందు ఈ క్రమము తారుమారైనది. ఇందు పండ్లు గల ఉక్కు చక్రము బల్ల నడిమి సందు నుండి పైకి వచ్చి ఒకేచోట తిరుగుచుండును. కొయ్యను దాని యొద్దకు నడిపించునది మనుష్యుని హస్తము. చేయి ఆగినను చక్రము ఆగదు. ఈ యంత్రమునందలి ప్రమాదమునకు మూలమిదియే.

10 అంగుళముల వ్యాసము గల చక్రము నిమిషమునకు 4,000 చుట్లు తిరిగినచో, దాని అంచు గంటకు సుమారు 190 కిలోమీటర్ల వేగముతో పోవును. చక్రమునకు 40 పండ్లున్న యెడల సెకనుకు 2,600లకు పైగా పండ్లు ఒకే బిందువును దాటును. వ్రేలికి తగిలినదని గ్రహించి చేతిని వెనుకకు తీసికొనుటకు సెకనులో పదవ వంతు పట్టినను, ఆలోపల రెండు వందలకు పైగా పండ్లు దానిని దాటిపోవును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఏటేట సుమారు 30,000 మంది ఇట్టి గాయములతో ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చుచున్నారనియు, సుమారు 4,000 మంది వ్రేళ్లు మొదలగు అవయవములను కోల్పోవుచున్నారనియు ఆ దేశపు వినియోగ వస్తు భద్రతా సంఘము అంచనా వేసియున్నది.

పూర్వ సాధనములు

ఈ ప్రమాదమును తగ్గించుటకు మూడు సాధనములు చిరకాలముగా వాడుకలో నున్నవి. చక్రముపై నుండు తొడుగు మొదటిది. చక్రము వెనుక నిలుపబడు పలుచని ఉక్కు రేకు రెండవది. కోత ముడుచుకొని కొయ్య చక్రమును బిగబట్టినపుడు వెనుకటి పండ్లు ఆ కొయ్యను ఎత్తి పనివాని మీదికి విసరును. ఒక్కొక్కప్పుడు దానితో పాటు చేయియు చక్రము మీదికి లాగబడును. ఉక్కు రేకు కోతను తెరచియుంచి దీనిని వారించును. మూడవది, వ్రేళ్లకు బదులుగా కొయ్యను నెట్టు తోపుడు కర్ర.

ఇవి యన్నియు మేలైనవే. కాని గాడులు కోయునపుడు తొడుగును తీయవలసి వచ్చును. తీసిన తొడుగు మరల బిగింపబడక మూలను పడియుండుట పరిపాటి. ఈ సాధనముల ప్రయోజనము పనివాని ఎడతెగని జాగరూకతపై ఆధారపడియున్నది. జాగరూకత తప్పిన క్షణమున ఏమి చేయవలెనను ప్రశ్నకు వీని యందు సమాధానము లేదు.

నూతన సాధనము

ఆ ప్రశ్నకు 1999లో ఒరెగాన్ రాష్ట్రమున స్టీఫెన్ గాస్ సమాధానము కనుగొనెను. ఈయన భౌతికశాస్త్రమున డాక్టరేటు పొంది పేటెంటు న్యాయవాదియైనవాడు. తీరిక వేళల వడ్రంగము చేయువాడు. మానవ దేహము విద్యుత్తును గ్రహించును, ఎండిన కొయ్య అంతగా గ్రహింపదు. ఈ భేదమే ఆయన యుక్తికి ఆధారము. చక్రమునకు నిరంతరము స్వల్పమైన విద్యుత్ సంకేతము అందుచుండును. చర్మము తాకగనే దేహము అందు కొంత గ్రహించుటచే సంకేతము క్షీణించును. తత్‌క్షణమే స్ప్రింగును బంధించియుంచిన సన్నని తీగ విద్యుత్ ప్రవాహముచే కరగిపోవును. విడివడిన స్ప్రింగు ఒక అల్యూమినియము దిమ్మెను పండ్ల లోనికి త్రోయును. పండ్లు అందు నాటుకొని చక్రము సుమారు 5 మిల్లీ సెకనులలో ఆగి, ఆ ఊపుననే బల్ల క్రిందికి దిగిపోవును. చేయి సెకనుకు 30 సెంటీమీటర్ల వేగమున సాగుచున్నచో, ఆ వ్యవధిలో వ్రేలు ముందుకు జరుగునది ఒకటిన్నర మిల్లీమీటరు మాత్రమే. తెగిపోవలసిన వ్రేలు చిన్న గాయముతో బయటపడును. గాస్ ఈ సాధనమును మొదట సాసేజితోను, పిదప తన వ్రేలితోను పరీక్షించెను.

దీనికి పరిమితులు లేకపోలేదు. ఒకసారి పనిచేసిన దిమ్మె మరల పనికిరాదు. చక్రమును సాధారణముగా చెడిపోవును. మిక్కిలి తడిసిన కొయ్యయు, లోహమును తగిలినపుడు చేయి తగులకయే యంత్రము ఆగవచ్చును. విసరబడు కొయ్యను ఇది ఆపజాలదు గనుక ఉక్కు రేకు అవసరము తీరిపోలేదు.

వ్యాపారము, చట్టము

యంత్ర నిర్మాతలతో రాయల్టీ ఒప్పందములు కుదరకపోవుటచే గాస్ మిత్రులతో కలిసి సాస్టాప్ అను సంస్థను స్థాపించి, 2004లో రంపపు బల్లలను విక్రయింప నారంభించెను. ఇట్టి సాధనము లేని రంపముతో గాయపడిన పనివాడొకడు వ్యాజ్యము వేయగా, 2010లో బోస్టన్ నగరపు జూరీ అతనికి 15 లక్షల డాలర్ల పరిహారము విధించెను. బాష్ సంస్థ చక్రము చెడిపోకుండ దానిని క్రిందికి దించు వేరొక పద్ధతిని తెచ్చినను, పేటెంటు వివాదమున 2017లో ఆ యంత్రముల దిగుమతి అమెరికాలో నిషేధింపబడెను.

అన్ని బల్లలకును ఇట్టి రక్షణ విధింపవలెనని 2003లో భద్రతా సంఘమునకు చేయబడిన విజ్ఞప్తి, 2017లోను, 2023లోను ప్రతిపాదనల రూపమున వెలువడినది. సెకనుకు 1 మీటరు వేగమున చేయి తాకినను కోత లోతు 3.5 మిల్లీమీటర్లను మించరాదనుట అందలి కొలమానము. ధర పెరుగుననియు, పేటెంట్లు ఒకే సంస్థ వశమున నున్నవనియు నిర్మాతలు ఆక్షేపించిరి. ఆ నియమము అమలైనచో ముఖ్యమైన పేటెంటు నొకదానిని ప్రజాపరము చేయుదుమని సాస్టాప్ సంస్థ 2024లో ప్రకటించెను.

యుక్తి తెలిసిన పిదప ఇరువది యేండ్లు గడచినను ఆ నియమము ప్రతిపాదన దశనే యుండెను. ఆ కాలమందంతటను వ్రేళ్లు తెగుచునే యుండెను. ఒక దిమ్మెయు, ఒక చక్రమును మరల కొనవచ్చును. చేతిపనిచే జీవించువాని వ్రేలు మరల రాదు. మనుష్యుడు ఏమరుపాటు పడుననుట ఎరిగియు యంత్రమును నిర్మించువారు, ఆ యేమరుపాటునకు తగిన ఏర్పాటును యంత్రమునందే చేయుట న్యాయము.