గెడ ఆనని చోట

గోదావరిలో పడవవాడు గెడను నేలకు ఆనించి నెడితే పడవ ముందుకు కదులుతుంది. లోతెక్కువైతే తెడ్డు పట్టి నీటిని వెనక్కి తోస్తాడు. అంతరిక్షంలో నేలా లేదు, నీరూ లేదు. అందుకే రాకెట్ తాను వెనక్కి తోయాల్సిన పదార్థాన్ని తనతోనే మోసుకెళ్తుంది. ఆ ఇంధనం అయిపోతే నౌక ఆగిపోతుందనుకుంటాం. ఆగదు. అడ్డుకునే గాలి లేదు కాబట్టి పట్టిన దారినే పోతూ ఉంటుంది. అసలు ప్రమాదం అదే.

ఈ ప్రమాదం చుట్టూ అల్లిన స్వీడిష్ సినిమా ‘అనియారా’. హ్యారీ మార్టిన్సన్ 1956లో ప్రచురించిన కావ్యం దీనికి ఆధారం. 2018 సెప్టెంబరులో కెనడాలోని టొరంటో చిత్రోత్సవంలో తొలిసారి ప్రదర్శించారు. మూడు వారాల్లో అంగారకుణ్ణి చేరాల్సిన నౌక, అంతరిక్ష శకలాలు తగిలి ఇంధనమంతా వదిలేసుకోవాల్సి వస్తుంది. లోపల నాచు పెంచుతారు కాబట్టి తిండికీ ఊపిరికీ వెంటనే లోటు రాదు. కరువైంది మలుపు. ఏదో ఒక ఖగోళ వస్తువు గురుత్వాకర్షణతో రెండేళ్లలో వెనక్కి తిరుగుతామని కెప్టెన్ నమ్మిస్తాడు. దారిలో అలాంటిదేదీ లేదు. నౌక లైరా నక్షత్రమండలం వైపు, మన అభిజిత్ నక్షత్రం ఉన్న దిక్కుకు సాగిపోతుంది. అభిజిత్ మనకు 25 కాంతి సంవత్సరాల దూరం. సెకనుకు 17 కిలోమీటర్లు పోయే వాయేజర్-1 వేగంతో వెళ్లినా 4 లక్షల ఏళ్లు దాటుతుంది.

నిజ జీవితంలో ఇలాంటి ఆపద 1970 ఏప్రిల్ 13న, చంద్రుడి వైపు వెళ్తున్న అపోలో-13 నౌకకు వచ్చింది. ఆక్సిజన్ ట్యాంకు పేలింది. అయితే వ్యోమగాములకు రెండు ఆధారాలు మిగిలాయి: చుట్టి రావడానికి చంద్రుడు, దారి సరిచేసుకోవడానికి చంద్రుడిపై దిగే వాహనపు ఇంజను. భూమి దగ్గరికొచ్చాక ఆ వాహనాన్ని వదిలించుకోవాలి. మామూలుగా ఆ పని చేసే చిన్న ఇంజన్లున్న భాగం పాడై, అప్పటికే వేరుపడింది. ఇక మిగిలింది వ్యోమగాములు తిరిగొచ్చే గదికీ ఆ వాహనానికీ మధ్య సొరంగంలోని గాలి. ఆ పీడనం ఎక్కువైతే తలుపు దెబ్బతినొచ్చు, తక్కువైతే వాహనం చాలినంత దూరం పోదు. సరైన పీడనం ఎంతో తేల్చమని వాహనాన్ని తయారుచేసిన గ్రమన్ కంపెనీ టొరంటో విశ్వవిద్యాలయ ఏరోస్పేస్ సంస్థను అడిగింది. బెర్నార్డ్ ఎట్కిన్ నాయకత్వంలోని బృందం స్లైడ్ రూళ్లతో లెక్కకట్టి కొన్ని గంటల్లోనే జవాబిచ్చింది. ఏప్రిల్ 17న ముగ్గురు వ్యోమగాములూ క్షేమంగా పసిఫిక్ మహాసముద్రంలో దిగారు.

అనియారాలో పీల్చడానికి గాలి ఉంది, తోయడానికి ఏమీ లేదు. అపోలో-13లో పీల్చే గాలే చివరికి గెడ అయింది.