యంత్రం మారినా మాట మారదు

1960 డిసెంబరు 6, 7 తేదీల్లో అమెరికాలో ఒక పరీక్ష జరిగింది. కోబాల్ భాషలో రాసిన దాదాపు ఒకే ప్రోగ్రామును రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిపి చూశారు. ఒకటి ఆర్‌సీఏ 501, రెండోది యూనివాక్ 2. లోపలి నిర్మాణంలో వాటికి పోలికే లేదు. అయినా ప్రోగ్రాము రెండు చోట్లా నడిచింది. ఆ రోజుల్లో చాలామంది ఏ యంత్రం కొంటే ఆ యంత్రానికి తగ్గట్టే రాసుకునేవారు. అది పాతబడితే రాసిందంతా దాంతోపాటే అటకెక్కేది.

అరవై ఏళ్లు దాటినా ఆ చిక్కు ఎక్కడికీ పోలేదు. మన జేబులోని ఫోనులో ఆర్మ్ చిప్ ఉంటుంది. ఆఫీసు కంప్యూటర్లో ఎక్కువగా ఇంటెల్, ఏఎమ్‌డీ చిప్‌లు. పెద్ద బ్యాంకుల సర్వర్ గదుల్లో ఐబీఎం మెయిన్‌ఫ్రేములు. ఒకదానికి తెలిసిన ఆదేశాలు ఇంకోదానికి అర్థం కావు. కొత్త ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసేవాళ్లు వీటన్నిటి ముందూ నిలబడి ఒకే మాట ఇవ్వాలి: ‘మీరు ఒక్కసారి రాయండి, ఎక్కడైనా అదే అర్థంతో నడుస్తుంది’ అని. ఇవ్వడం తేలికే. దాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టుకోవడంలోనే ఉంది కష్టమంతా. గూగుల్‌లో పుట్టిన ‘గో’ భాష దాన్ని ఎలా నిలబెట్టుకుందో మన ప్రోగ్రామర్లు తెలుసుకుని తీరాలి.

2007 సెప్టెంబరు 21న రాబర్ట్ గ్రీస్‌మర్, రాబ్ పైక్, కెన్ థామ్సన్ ఒక తెల్లబోర్డు మీద ఈ భాష లక్ష్యాలు రాసుకోవడం మొదలుపెట్టారు. వీరిలో థామ్సన్ యునిక్స్ సృష్టికర్తల్లో ఒకరు. వాళ్లను విసిగించింది జాప్యం. గూగుల్‌లోని ఒక పెద్ద సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రామును ఆ ఏడాది కొలిచి చూస్తే, రాసిన ఫైళ్లన్నీ కలిపి 4.2 మెగాబైట్లే. హెడర్ ఫైళ్లన్నీ విప్పుకుని, ప్రోగ్రామును చిప్ ఆదేశాలుగా మార్చే కంపైలర్ దగ్గరికి చేరేసరికి 8 గిగాబైట్లు దాటాయి! అలాంటి ఒక బిల్డు కోసం 45 నిమిషాలు ఎదురుచూస్తున్నప్పుడే గో ఆలోచన పుట్టిందని ఆ బృందంలో చెప్పుకునేవారు.

2008 జనవరిలో థామ్సన్ మొదటి కంపైలర్ మొదలుపెట్టారు. అది గో ప్రోగ్రామును సీ భాషలోకి మార్చి ఇచ్చేది. అదే ఏడాది మే నెలలో ఇయాన్ టేలర్ అనే ఇంజినీరు, భాష నియమావళి ముసాయిదాను మాత్రమే చూసి, జీసీసీ అనే కంపైలర్ల సముదాయం ఆధారంగా విడిగా ఇంకో కంపైలర్ రాయడం మొదలుపెట్టారు. భాష భవిష్యత్తును నిర్ణయించిన ఘట్టం ఇదేనని నా అభిప్రాయం. ఒకే కంపైలర్ ఉంటే అది చేసిందే నియమం అయిపోతుంది, దాని తప్పులతో సహా. రెండు ఉంటే, ఫలితం తేడా వచ్చిన ప్రతిసారీ పుస్తకం తెరిచి ‘అసలు మనం ఏమన్నాం?’ అని చూసుకోవాల్సిందే. గో నియమావళికి ఆ పదును అలా వచ్చింది.

2009 నవంబరు 10న భాషను అందరికీ తెరిచారు. అప్పుడు ఒక్కో చిప్ కుటుంబానికి ఒక్కో కంపైలర్ ఉండేది. 32 బిట్ల ఇంటెల్‌కు 8జి, 64 బిట్లకు 6జి, ఆర్మ్‌కు 5జి. బెల్ ల్యాబ్స్‌లో రూపొందిన ‘ప్లాన్ 9’ నుంచి వచ్చిన అంకెలవి, మొబైల్ నెట్‌వర్కులతో వీటికి సంబంధం లేదు.

చిప్‌కీ చిప్‌కీ తేడా ఎక్కడుంటుంది? ముందుగా రిజిస్టర్లలో. కంసాలి బల్ల మీద చేతికందే జాగా లాంటివి ఇవి. పనిలో ఉన్న వస్తువు అక్కడే ఉండాలి, మిగతాది బీరువాలో. పాత 32 బిట్ల ఇంటెల్‌లో ఈ జాగాలు ఎనిమిదే. 64 బిట్లకు వచ్చేసరికి పదహారు. 64 బిట్ల ఆర్మ్‌లో 31. ఏ విలువను ఎప్పుడు బల్ల మీద ఉంచాలో, ఎప్పుడు బీరువాలోకి పంపాలో ప్రతి చిప్‌కూ వేరుగా లెక్కవేయాలి. ఈ పనికోసం 2016లో గో 1.7తో ‘ఎస్‌ఎస్‌ఏ’ అనే మధ్యరూపాన్ని తెచ్చారు. ఇందులో ఏ విలువకైనా ఒక్కసారే పేరు పెడతారు. అనవసరమైన లెక్కలను ఏరివేయడం దాంతో సులువవుతుంది. ఆ ఏరివేత చాలావరకు అన్ని చిప్‌లకూ ఉమ్మడిగానే సాగుతుంది. చివరి మజిలీలో మాత్రం చిప్‌కు తగిన ఆదేశాలు ఎంచుకుంటారు. 64 బిట్ల ఇంటెల్ తరహా చిప్‌ల మీద ప్రోగ్రాములు 5 నుంచి 35 శాతం తక్కువ సమయంలో నడిచాయి. తర్వాతి వెర్షన్‌లో ఇదే పద్ధతి మిగతా చిప్‌లన్నిటికీ వెళ్లింది. 32 బిట్ల ఆర్మ్‌లో 20 నుంచి 30 శాతం మెరుగుదల కనబడింది.

వేగంలో తేడా వస్తే సర్దుకోవచ్చు, అర్థంలో తేడా వస్తేనే ప్రమాదం. 258 అనే సంఖ్యను రెండు బైట్లలో దాస్తే అవి 1, 2. ఇంటెల్ చిప్ దీన్ని వెనక నుంచి 2, 1 అని మెమరీలో పెడుతుంది. ఐబీఎం మెయిన్‌ఫ్రేము ముందు నుంచి 1, 2 అని పెడుతుంది. ఒకటి దాచిన బైట్లను ఇంకోటి ఉన్నదున్నట్టు చదివితే 258 కాస్తా 513 అవుతుంది. రెండు పనులు పక్కపక్కన నడుస్తున్నప్పుడు ఇంకో తంటా. ఇంటెల్ చిప్‌లో ఒక కోర్ ముందు రాసింది మిగతా కోర్లకు ముందే కనిపిస్తుంది. ఆర్మ్‌లో ఆ వరస తప్పవచ్చు. గో వెనకాల చెత్త మెమరీని ఏరే యంత్రాంగం నిత్యం పనిచేస్తూ ఉంటుంది కాబట్టి, ఆర్మ్‌లో అవసరమైన చోటల్లా అడ్డుకట్ట ఆదేశాలు పెట్టాలి. ఒక్కచోట మరిచినా ఎప్పుడో ఒకసారి మాత్రమే, ఏ కారణమూ కనబడకుండా ప్రోగ్రాము కూలిపోతుంది. అలాంటి తప్పును పట్టుకోవడం కంటే కష్టమైన పని ఈ వృత్తిలో ఇంకోటి లేదు.

వీటన్నిటికంటే నన్ను ఆలోచింపజేసేది దశాంశాల లెక్క. రెండు సంఖ్యలను గుణించి మూడోదాన్ని కలపాలి. 64 బిట్ల ఆర్మ్, ఐబీఎం మెయిన్‌ఫ్రేము వంటి చిప్‌లలో ఈ రెండు పనులూ ఒకే ఆదేశంతో అయిపోతాయి. మధ్యలో గుణకారం ఫలితాన్ని పట్టే అంకెల మేరకు కుదించరు, చివర్లో ఒక్కసారే కుదిస్తారు. 64 బిట్ల ఇంటెల్ మీద సాధారణ గో బిల్డులో రెండుసార్లు కుదింపు జరుగుతుంది. కాబట్టి ఒకే ప్రోగ్రాము, ఒకే సంఖ్యలు, అయినా చిట్టచివరి దశాంశంలో జవాబు మారవచ్చు. ఏది తప్పు? రెండూ కాదు. నిజానికి ఒక్కసారే కుదించిన జవాబే సాధారణంగా అసలు విలువకు దగ్గర. కలిపి చేయడాన్ని నిషేధిస్తే చిప్ సామర్థ్యం వృథా. చెప్పకుండా అనుమతిస్తే వాడేవాళ్లను మోసగించినట్టు. 2017లో గో బృందం నియమావళిలో ఈ మాట సూటిగా రాసింది: కలిపి చేసే వీలు కంపైలర్‌కు ఉంటుంది, వద్దనుకుంటే ప్రోగ్రామరు మధ్య విలువను ఫ్లోట్ రకానికి విడిగా మార్పిడి చేస్తే చాలు, కుదింపు అక్కడే జరిగిపోతుంది. అన్నిచోట్లా అంతా ఒకటేనని బుకాయించలేదు. ఎక్కడ తేడా వస్తుందో, దాన్ని ఎలా ఆపుకోవాలో పుస్తకంలో పెట్టారు. భాషను తయారుచేసేవాళ్ల నిజాయతీ అంటే ఇదే.

మొదట్లో గో కంపైలర్ సీ భాషలో ఉండేది. 2015 ఆగస్టులో వచ్చిన గో 1.5తో అది గో భాషలోకే మారింది. చేత్తో తిరగరాస్తే కొత్త తప్పులు దూరతాయని, సీ కోడ్‌ను గోలోకి మార్చే ప్రత్యేక ప్రోగ్రాము రాసి దానితో మార్పించారు. దీనికి మూల్యం కూడా చెల్లించారు: కంపైల్ అయ్యే సమయం దాదాపు రెట్టింపయింది. జాప్యం మీద కోపంతో పుట్టిన భాషకు అది చిన్న నష్టం కాదు. అయినా ఆ నిర్ణయం సరైనదే. చిప్‌కొక కంపైలర్ పోయి అన్నిటికీ ఒకటే మిగిలింది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నవారు ఆపరేటింగ్ సిస్టమ్ పేరూ చిప్ పేరూ రెండు చిన్న సెట్టింగుల్లో మార్చి, తమ దగ్గర లేని యంత్రానికి ప్రోగ్రాము తయారుచేయగలరు. ఇప్పుడు అలాంటి జంటలు నలభైకి పైగా ఉన్నాయి. సర్వర్లలో ప్రోగ్రాములను నడిపించే డాకర్, కుబర్‌నెటిస్ గోలోనే రాసినవి. ఇంటెల్ సర్వర్ల నుంచి ఆర్మ్ సర్వర్లకు అవి అంత సాఫీగా వెళ్లగలగడానికి ఈ వెసులుబాటు పెద్ద ఆసరా.

కంపైలర్‌ను కంపైల్ చేసేది ఇంకో పాత కంపైలరే. మరి ఆ పాతదాన్ని నమ్మడం ఎలా? 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో ఈ ప్రశ్న వేసింది కెన్ థామ్సనే. సోర్స్ కోడ్‌లో జాడ కూడా లేకుండా కంపైలర్‌లో దొంగదారి దాచవచ్చని ఆయన చూపించారు. 2023లో గో 1.21 దీనికి చాలావరకు బదులిచ్చింది. అదే సోర్స్ నుంచి ఎవరు, ఏ యంత్రం మీద గో పరికరాలను తయారుచేసినా చివరి బిట్టు వరకూ ఒకేలా వస్తాయి. గూగుల్ ఇచ్చిన కాపీని నమ్మనక్కర్లేదు, మనమే తయారుచేసి పోల్చుకోవచ్చు.

ఇన్ని చిప్‌ల బాగోగులు చూసేది ఎవరు? కొత్త చిప్‌కు గో కావాలంటే కోడ్ రాసి ఇచ్చేస్తే సరిపోదు. దాని బాధ్యత తీసుకునేవాళ్లు కనీసం ఇద్దరు ముందుకు రావాలి. ప్రతి మార్పునూ ఆ చిప్ మీద పరీక్షించే యంత్రాన్ని కూడా నడపాలి. చూసుకునేవాళ్లు లేకపోతే ఆ చిప్‌ను జాబితా నుంచి తీసేస్తారు. పైకి కఠినంగా అనిపించే ఈ నియమం వాడేవాళ్ల పట్ల గౌరవం. పనిచేస్తుందని పేరుకు చెప్పి పనిచేయని దానికంటే లేకపోవడమే మేలు. మెయిన్‌ఫ్రేము భారం ఐబీఎం ఇంజినీర్లు మోశారు. 2020లో ప్రయోగాత్మకంగా చేరిన రిస్క్-ఫైవ్ అనే చిప్ నిర్మాణం వెనక గూగుల్ బయటివాళ్ల శ్రమ ఎక్కువ.

రిస్క్-ఫైవ్ మనకు పరాయిది కాదు. ఐఐటీ మద్రాసు ‘శక్తి’, సీ-డాక్ ‘వేగ’ ప్రాసెసర్లు ఆ నిర్మాణం మీదే రూపొందాయి. చిప్ ఎంత బాగున్నా దానికి మంచి కంపైలర్ లేకపోతే అది ఇసుకే. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కంపైలర్ డిజైన్‌ను చాలాచోట్ల పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తున్నాం. ఆహో, ఉల్మన్‌లతో కలిసి ఆ రంగపు ప్రసిద్ధ పాఠ్యపుస్తకం రాసిన రవి సేఠీ ఐఐటీ కాన్పూర్‌లో చదివినవారే. అధ్యాపకులారా, ఈ సెమిస్టరులో ఒక్క పని చేయించండి. గో సోర్స్ ఉచితంగా దొరుకుతుంది. కంపైలర్ ఫోల్డర్‌లోని ఎస్‌ఎస్‌ఏ భాగంలో చిప్‌ల పేర్లతో నియమాల ఫైళ్లు ఉంటాయి. రిస్క్-ఫైవ్ ఫైలునూ ఆర్మ్ ఫైలునూ పక్కపక్కన పెట్టి, ఒకే కూడిక రెండు చోట్లా ఏ ఆదేశంగా మారుతోందో విద్యార్థుల చేత వెతికించండి.