విమానచోదకుఁడు – సొంత సొమ్ముతో శిక్షణ

“నా కుమారుఁడు విమానచోదకుని లైసెన్సు పొందెను. ఉద్యోగము రాలేదు. పొలము తాకట్టుపెట్టి మఱియొక శిక్షణ యిప్పింపవచ్చునా?” యని యొక రైతు నన్నడిగెను. నేఁటి నా ప్రసంగ మా ప్రశ్నను గూర్చియే.

మన దేశమున ఆ లైసెన్సునకు 200 గంటలు విమానము నడపియుండవలెను. ఆ యభ్యాసము చిన్న విమానములపై జరుగును. పెద్ద విమానములలో ఎయిర్‌బస్ ఏ320కి వేఱు శిక్షణ, బోయింగ్ 737కు వేఱు శిక్షణ కావలయును. దీనిని టైపు రేటింగు అందురు. ఇందధికభాగము నేలమీఁదనే, చోదకుని గదిని బోలిన యంత్రమునందు జరుగును. వ్యయము లక్షలలో నుండును.

దీనిని ముందే పొందినచో లాభము కలదా? ఆ రకపు విమానములుగల కంపెనీ క్రొత్తవారిని చేర్చుకొనుచున్నచో కలదు. కంపెనీకి కాలము, ధనము మిగులును. కాని ఎయిర్‌బస్ నడుపు కంపెనీకి బోయింగ్ శిక్షణ యక్కఱకు రాదు. 2012లో కింగ్‌ఫిషర్, 2019లో జెట్ ఎయిర్‌వేస్ నిలిచిపోయినప్పుడు అనుభవజ్ఞులే ఉద్యోగములకై వెదకిరి. అట్టి వేళ క్రొత్తవాని నెవరు పిలుతురు? అభ్యాసము లేని విద్య నానాఁటికి మొద్దువాఱును గూడ.

కావున ఆ రైతుతో నిట్లంటిని: “కంపెనీ మీవానిని ఎన్నుకొని, ఏ విమానమో తెలిపిన పిమ్మటనే సొమ్ము కట్టుఁడు. పదును చూడక విత్తనము చల్లుదురా?”